చౌక కత్తులు – మన వృత్తి చరిత్ర

మన కులవృత్తికి కత్తియే పెట్టుబడి, కత్తియే ప్రతిష్ఠ. అట్టి కత్తి నేడు నకిరేకల్లు వంటి యూళ్లలో సైతము మెఱుగుపిడితో నతిచౌకగా దొరకుచున్నది. కొన్నవారు కొలది దినములకే పదును నిలువదని విచారించుచున్నారు. ఈ చౌక కత్తుల నేమి చేయవలెనను ప్రశ్నకు చరిత్రమును బట్టి సమాధానము చెప్ప నెంచితిమి.

కత్తి గుణము నెఱుగుట మనకు క్రొత్తవిద్య కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శస్త్రములకు క్షారము, నీరు, నూనె యను మూటితో పాయనము, అనగా కాచి ముంచి గట్టిపఱచుట, చెప్పబడినది. నూఱుటకు మినుముల వన్నె గల నున్నని ఱాయియు, పదును నిలుపుటకు బూరుగు పలకయు విధింపబడినవి. వెండ్రుకను తెగగోయునంత వాడి యున్నపుడే శస్త్రమును ప్రయోగింపవలెనని నియమము. పల్లెలలో క్షౌరముతోపాటు పుండ్లు కోసి కట్టుకట్టుటయు మనవారు చేయుచు వచ్చిరి గావున నీ నియమము మనకు మిక్కిలి దగ్గఱిది.

ఉక్కు విషయమునను తెలంగాణము వెనుకబడినది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి ఉక్కు చేయుచుండిరనియు, దానిని కొనుటకు పారసీక వర్తకుడు వచ్చుచుండెననియు 1820 ప్రాంతమున వాయిసీ యను వైద్యుడు చూచి వ్రాసెను. 1794లో బొంబాయినుండి హిందూదేశపు ఉక్కు లండనునకు పంపబడగా, స్టోడార్టు అను కత్తుల పనివాడు దానితో చాకు చేసి మెచ్చుకొనెను. అతడే ఫారడే పండితునితో గూడి 1820, 1822 సంవత్సరములలో ఉక్కును గూర్చిన పరిశోధనలను ప్రకటించెను. షెఫీల్డున హంట్సుమను 1740 ప్రాంతమున మూస ఉక్కు నారంభించిన పిదప నా నగరపు కత్తులును, జర్మనీ దేశపు సోలింజెను కత్తులును లోకమంతట వ్యాపించినవి.

అయితే మన పూర్వులకు కూలి రొక్కముగా గాక, కల్లముకడ గింజల రూపమున ముట్టుచుండెను. నిజాము కాలమున దొరల గడీలలోను, అధికారుల మజిలీలలోను వెట్టియు చేయవలసి వచ్చుచుండెను. చేత రొక్కము లేనివాడు మేలైన కత్తి నెట్లు కొనును? కావున చౌక కత్తిని కొన్న సోదరుని మేము నిందింపము. దాని గుణమును తెలిసికొనుమని మాత్రమే కోరుదుము.

చెడు కత్తులు రెండు తెఱగులు. ఉక్కు మంచిదై, నూఱుట మాత్రము చెడినది మొదటిది. దీనిని చదునైన ఱాతిపై నోర్పుతో నూఱి, తోలుపట్టిపై తీసినచో బాగుపడును. సానచక్రముపై పెట్టరాదు, వేడికి అంచు నీలివన్నెకు తిరిగిన, పాయనము పోయి ఉక్కు మెత్తబడును. ఉక్కే మెత్తనిదై, లేక అలుగు వంకరయై, ఱాతిపై సమముగా నానకుండునది రెండవది. దీని నెంత నూఱినను అంచు మడతపడును, శ్రమ వ్యర్థము. అట్టిదానిని పిల్లలు నూఱుట నేర్చుకొనుటకు నుంచవచ్చును. మనుష్యుని చెంపకు మాత్రము తగిలింపరాదు. మొద్దుకత్తి చర్మమును గీఱును. రక్తము తగిలిన కత్తి వేఱొకనికి తగిలినచో కామెర్లు, ఎయిడ్సు వంటి వ్యాధులు అంటుకొనవచ్చును. అందుచేతనే దుకాణములలో మనిషికొక క్రొత్త బ్లేడు వాడుట యుత్తమము.

అన్నిటికంటె నీచమైనది, పనికిరాదని తానెఱిగిన కత్తిని క్రొత్తగా వృత్తిలో దిగిన బీద బాలునకు మంచిదని యమ్ముట. ఆ బాలుడు తన చేతివాటమే చెడ్డదని తలచి వృత్తినే విడుచును. ఒక కత్తితో నొక కుటుంబము చెడును.

కావున ప్రతి గ్రామసంఘమును ఒక మేలైన సానఱాయిని కొని యుంచి, అనుభవశాలియైన పెద్దచే క్రొత్త కత్తులను పరీక్షింపజేయవలెనని మా మనవి. వెల తక్కువైన కత్తి మనకు రావచ్చును గాని, విలువ తక్కువైన పని మన చేతినుండి పోరాదు.