టెక్నో సంగీతం ఎవరిది? డెట్రాయిట్ నల్లజాతి కళాకారుల కథ

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక సంగీతం కథ చెప్పుకుందాం. సంగీతం కథ అంటున్నాను గానీ, నిజానికి ఇది జీతాల కథ, ఇళ్ళ కథ, ఒక గోడ కథ కూడా.

టెక్నో అనే మాట మీరు వినే ఉంటారు. పల్లవి, చరణాలు ఉండవు. చాలాసార్లు గొంతే ఉండదు. నిమిషానికి 120 నుంచి 140 దెబ్బల చొప్పున ఒక డ్రమ్ మిషన్ ఆగకుండా కొడుతూ ఉంటుంది. దాని మీద సింథసైజర్ స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. ఇది ఎక్కడి సంగీతం అని అడిగితే చాలామంది ఠక్కున జర్మనీ అంటారు. 2024 మార్చిలో జర్మనీ కూడా బెర్లిన్ టెక్నో సంస్కృతిని తమ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే బెర్లిన్ టెక్నోకి మెట్టినిల్లు. పుట్టినిల్లు అమెరికాలోని డెట్రాయిట్. పుట్టించినవాళ్ళు నల్లజాతి కుర్రాళ్ళు.

ఈ సంగతి ఇప్పుడు రహస్యమేం కాదు, పుస్తకాల్లో ఉంది. అయితే ఒకదాన్ని ఎవరు పుట్టించారన్నది ఒక ప్రశ్న, అది చివరికి ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో ప్రశ్న. మనం ఈ రోజు మాట్లాడుకునేది రెండో ప్రశ్న గురించి.

ముందు ఊరి సంగతి చూద్దాం. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ రోజుకి 5 డాలర్ల కూలి ప్రకటించాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మాట. దక్షిణాది పత్తి చేల నుంచి నల్లవాళ్ళు రైళ్ళెక్కి డెట్రాయిట్ వచ్చారు. మిగతా కంపెనీల కంటే ఫోర్డ్ వాళ్ళని ఎక్కువమందినే తీసుకున్నాడు. కానీ ఏ పనిలోకి? ఎక్కువగా ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీలోకి, అంటే అందరికంటే వేడిగా, అందరికంటే ప్రమాదంగా ఉండే చోటికి. 1941లో ఫోర్డ్ కంపెనీ కార్మిక సంఘాన్ని గుర్తించింది. ఆ తర్వాత జీతాలు మెరుగుపడ్డాయి.

అదే 1941లో ఇంకొకటి కూడా జరిగింది. నగరం ఉత్తరపు అంచున, ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర, ఒక బిల్డరు తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టాలనుకున్నాడు. పక్కనే నల్లవాళ్ళ ఇళ్ళున్నాయి కాబట్టి ప్రభుత్వ సంస్థ ఆ ఇళ్ళ అప్పులకి హామీ ఇవ్వనంది. అప్పుడు ఆయన రెండు పేటల మధ్య అర మైలు పొడవున, ఆరడుగుల ఎత్తున కాంక్రీటు గోడ కట్టించాడు. హామీ వచ్చేసింది! ఆ గోడ ఇప్పటికీ ఉంది.

మన తెలుగువాళ్ళకి డెట్రాయిట్ కొత్త ఊరేం కాదు. 2015లో తానా మహాసభలు నది ఒడ్డునున్న కోబో సెంటర్‌లో జరిగాయి. ఇప్పుడు దాని పేరు హంటింగ్టన్ ప్లేస్. కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు చాలామంది ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్ళలో ఉంటారు. ఆ మూడూ ఎయిట్ మైల్ రోడ్డుకి అవతలి వైపువే. అంటే ఈ కథలో మనం ఏ వైపు వెళ్ళి కాపురం పెట్టామన్నది కూడా ఉందన్నమాట.

సరే, డెట్రాయిట్ ఎలా పడిపోయిందంటే చాలామంది 1967 జూలై అల్లర్ల వల్ల అంటారు. ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు, నిజమే. కానీ చరిత్రకారుడు థామస్ సుగ్రూ లెక్క చూడండి. 1947 నుంచి 1963 మధ్యలోనే నగరంలో 1,34,000 ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. అల్లర్లకి ముందే అన్నమాట. ఫ్యాక్టరీలు శివార్లకి, వేరే రాష్ట్రాలకి తరలిపోయాయి, ఉన్నచోట మనుషుల బదులు యంత్రాలు వచ్చాయి. తెల్లవాళ్ళు ఉద్యోగాల వెంట వెళ్ళి శివార్లలో ఇళ్ళు కొనుక్కున్నారు. నల్లవాళ్ళకి అక్కడ ఇళ్ళు అమ్మేవాళ్ళు కాదు. నల్లవాళ్ళ వ్యాపారాలకీ, సంగీతానికీ గుండెకాయలాంటి హేస్టింగ్స్ స్ట్రీట్‌ని ఫ్రీవే కోసం పడగొట్టేశారు. 1950లో 18న్నర లక్షల జనాభా ఉన్న ఊరు 2010 నాటికి 7 లక్షల 14 వేలకి పడిపోయింది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. టెక్నో గురించి రాసేవాళ్ళు చాలామంది "శిథిలాల్లోంచి పుట్టిన సంగీతం" అని రాస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, పూర్తి నిజం కాదు. శిథిలాల్లోంచి సింథసైజర్ రాదు కదండీ! డబ్బుండాలి, గది ఉండాలి, తీరిక ఉండాలి. అవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? అమ్మానాన్నలు, తాతలు ఫ్యాక్టరీల్లో కష్టపడి తెచ్చిన యూనియన్ జీతాల నుంచి. వాయవ్య డెట్రాయిట్‌లో సొంత ఇళ్ళున్న నల్లజాతి కుటుంబాల పిల్లలు 1980 ప్రాంతంలో హైస్కూల్ పార్టీలు నడిపేవాళ్ళు. ఇటాలియన్ బట్టలు, ఇటాలియన్ డిస్కో పాటలు. పేటల్లోని పేద కుర్రాళ్ళు రాకూడదని కొన్ని పార్టీల కరపత్రాల మీద అచ్చు కూడా వేసేవాళ్ళు. అంటే అసమానత నల్లవాళ్ళ లోపల కూడా ఉందన్నమాట. ఈ సంగతి దాచిపెట్టి కథ చెబితే అది పొగడ్త అవుతుంది గానీ చరిత్ర అవదు.

ఆ రోజుల్లో ఎలక్ట్రిఫైయింగ్ మోజో అని ఒక రేడియో డి.జె. ఉండేవాడు. ముఖం ఎవరికీ చూపించేవాడు కాదు. రాత్రి పూట ఒకే షోలో జార్జ్ క్లింటన్ ఫంక్, ప్రిన్స్, జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ పాటలు కలిపి వేసేవాడు. ఇది నల్లవాళ్ళ పాట, అది తెల్లవాళ్ళ పాట అని స్టేషన్లు గీసిన గీతని ఆయన పట్టించుకోలేదు. ఆయన్ని వింటూ పెరిగినవాళ్ళలో ముగ్గురు స్నేహితులు ఉన్నారు. డెట్రాయిట్‌కి 30 మైళ్ళ దూరంలోని బెల్విల్ అనే చిన్న ఊళ్ళో చదువుకున్న హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్.

అందరికంటే ముందు మొదలుపెట్టినవాడు అట్కిన్స్. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన రిక్ డేవిస్‌తో కలిసి సైబోట్రాన్ అనే బృందం పెట్టాడు. 1981లో మొదటి రికార్డు సొంతంగా వేసుకున్నారు. ఆల్విన్ టాఫ్లర్ రాసిన 'ది థర్డ్ వేవ్' పుస్తకంలో 'టెక్నో రెబెల్స్' అనే మాట ఉంది. యంత్రాలకి దాసోహమనకుండా, యంత్రాలని తమ చేతిలోకి తెచ్చుకునేవాళ్ళు అని దాని భావం. ఫ్యాక్టరీలో రోబోలు తమవాళ్ళ ఉద్యోగాలు తీసేసుకుంటుంటే చూస్తూ పెరిగిన కుర్రాడికి ఆ మాట ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఆలోచించండి. ఆ యంత్రాలు కూడా చౌకగా దొరికాయి. జపాన్ కంపెనీ రోలాండ్ 1980లో తెచ్చిన 808 డ్రమ్ మిషన్ అసలు డ్రమ్ములా మోగడం లేదని ఎక్కువమంది కొనలేదు, కొన్నేళ్ళకే తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన అలాంటి సరుకే వీళ్ళకి వాద్యం అయింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ముగ్గురూ ఎవరి లేబుల్ వాళ్ళు పెట్టుకున్నారు. అట్కిన్స్‌ది మెట్రోప్లెక్స్, మేది ట్రాన్స్‌మాట్, సాండర్సన్‌ది కె.ఎం.ఎస్. ఎందుకు? డెట్రాయిట్‌లో మోటౌన్ అనుభవం ఉంది కాబట్టి. బెర్రీ గోర్డీ కార్ల అసెంబ్లీ లైన్‌లో పనిచేసి, ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని, 1959లో మొదలుపెట్టిన సంస్థ అది. వెస్ట్ గ్రాండ్ బుల్వార్డ్ మీద ఒక మామూలు ఇంట్లో. అది ప్రపంచాన్ని ఊపేసింది. 1972లో కాలిఫోర్నియాకి వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీలు వెళ్ళినట్టే పాట కూడా వెళ్ళిపోయింది.

టెక్నో కూడా ఊరు దాటింది, కానీ వేరే రకంగా. 1988లో లండన్‌లో వర్జిన్ అనుబంధ సంస్థ ఒక సంకలనం వేసింది. డెట్రాయిట్ హౌస్ సంగీతం అని పేరు పెడదామనుకున్నారు. అట్కిన్స్ ఇచ్చిన పాట పేరు 'టెక్నో మ్యూజిక్'. దాంతో సంకలనానికి 'టెక్నో! ది న్యూ డ్యాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' అని పేరు ఖాయమైంది. అందులోనే ఉన్న సాండర్సన్ బృందం ఇన్నర్ సిటీ పాట 'బిగ్ ఫన్' బ్రిటన్‌లో టాప్ 10కి వెళ్ళింది. అమెరికా పాప్ రేడియో మాత్రం ఆ స్థాయిలో పట్టించుకోలేదు. నల్లవాళ్ళ పాట అంటే ర్యాప్ అయినా ఉండాలి, ఆర్ అండ్ బి అయినా ఉండాలి అని వాళ్ళకో లెక్క. ఈ సంగీతం ఆ గడిలో ఇమడలేదు.

బెర్లిన్ సంగతి వేరు. గోడ కూలిన తర్వాత తూర్పు వైపు ఖాళీ భవనాలు బోలెడు. 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో, డబ్బు దాచే ఇనప గదుల్లో, ట్రెజోర్ అనే క్లబ్బు తెరిచారు. ట్రెజోర్ అంటే జర్మన్‌లో ఇనప్పెట్టె అనే అర్థం. ఆ క్లబ్బు లేబుల్ మీద వచ్చిన మొదటి రికార్డు డెట్రాయిట్ వాళ్ళదే. బెర్లిన్ వాళ్ళు ఈ రుణాన్ని దాచలేదు, అది వాళ్ళ మంచితనం. కానీ క్లబ్బులు, పండగలు, పత్రికలు, పర్యాటకం అన్నీ అక్కడే పెరిగాయి. డబ్బు కూడా అక్కడే తిరిగింది.

ఇక్కడ డబ్బు ఎలా నడుస్తుందో కాస్త చూద్దాం. క్లబ్బులో పెద్ద మొత్తం వెళ్ళేది రికార్డు చేసినవాడికి కాదు, దాన్ని ఆ రాత్రి వేసిన డి.జె.కి, చోటు యజమానికి. పాట వాడినందుకు కట్టే రుసుము సంఘాల ఖాతాలో పడి, అంచనా లెక్కల మీద పంపిణీ అవుతుంది. చిన్న లేబుల్ వాడి పాట రాత్రంతా మోగినా ఆ లెక్కలోకి రాకపోవచ్చు. ఫోర్బ్స్ పత్రిక 2014లో డి.జె.ల సంపాదన జాబితా వేస్తే మొదటి స్థానంలో ఉన్న కాల్విన్ హారిస్‌కి 6 కోట్ల 60 లక్షల డాలర్లు. బెల్విల్ ముగ్గురిలో ఒక్కరి పేరు కూడా ఆ జాబితాలో లేదు. అంతకు ముందు ఏడాది, 2013 జూలైలో, డెట్రాయిట్ నగరం దివాలా పిటిషన్ వేసింది.

మరి డెట్రాయిట్ వాళ్ళు ఊరుకున్నారా? లేదు. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం పెట్టారు. ముఖాలకి ముసుగులు, ఫొటోలు లేవు. మనిషిని కాదు, పాటని చూడండి అని. పంపిణీ కూడా తమ చేతిలోనే ఉండాలని 1992లో సబ్‌మర్జ్ అనే సంస్థ మొదలైంది.

దానికి పరీక్ష 1999లో వచ్చింది. ఆ లేబుల్ మీద డి.జె. రొలాండో చేసిన 'జాగ్వార్' అనే పాట ప్రపంచమంతా మోగింది. అసలు రికార్డింగ్ వాడుకోవాలంటే హక్కుదారు ఒప్పుకోవాలి. కానీ అదే స్వరాన్ని మళ్ళీ వాయించి అమ్ముకోవడానికి చట్టంలో ఒక సందు ఉంది. సోనీ జర్మనీ శాఖ ఆ సందులోంచి వచ్చి, స్వరానికి స్వరం దించేసి ఒక నకలు తయారుచేసింది. డెట్రాయిట్ వాళ్ళ దగ్గర పెద్ద లాయర్ల సైన్యం లేదు. ఉన్నది వినేవాళ్ళు. దేశదేశాల నుంచి నిరసన ఈమెయిళ్ళు పోటెత్తాయి. సోనీ వెనక్కి తగ్గింది. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అదే పాటని కొత్త రూపాల్లో మళ్ళీ విడుదల చేసింది. పేరు ఏం పెట్టారో తెలుసా? 'రివెంజ్ ఆఫ్ ది జాగ్వార్'. జాగ్వార్ పగ!

2000 మే నెలలో నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో, మన తానా సభలు జరిగిన చోటు పక్కనే, మొదటి ఎలక్ట్రానిక్ సంగీతోత్సవం జరిగింది. కళా దర్శకుడు కార్ల్ క్రెయిగ్, డెట్రాయిట్ బిడ్డ. టికెట్ లేదు. అమ్మమ్మలు, మనవలు కలిసి వచ్చారు. మరుసటి ఏడాది ఉత్సవానికి ఫోర్డ్ ఫోకస్ కారు పేరు వచ్చి చేరింది, ఉత్సవం జరగకముందే క్రెయిగ్‌ని తీసేశారు. ఇప్పుడది టికెట్ కొనుక్కుని వెళ్ళే పండగ.

చివరగా ఒక రోడ్డు చూపిస్తాను. గ్రాండ్ బుల్వార్డ్. పడమటి భాగంలో మోటౌన్ పాత ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. తూర్పు భాగంలో ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. 1950లలోనే మూతపడింది. 1990లలో ఆ ఖాళీ గోడల మధ్య శివార్ల నుంచి, నది అవతలి కెనడా నుంచి వచ్చిన కుర్రాళ్ళు రాత్రంతా టెక్నోకి డ్యాన్స్ చేసి, తెల్లారి ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు. అదే తూర్పు భాగంలో 3000 నంబరు భవనం సబ్‌మర్జ్‌ది. లోపల రికార్డుల దుకాణం, పైన స్టూడియోలు, ఒక చిన్న టెక్నో మ్యూజియం. ఒకటి ఊరు వదిలి వెళ్ళింది. ఒకటి మూతపడి ఇతరులకి ఆటస్థలం అయింది. మూడోది మాత్రం పుట్టించినవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

ఈ మధ్య డిఫారెస్ట్ బ్రౌన్ జూనియర్ లాంటి రచయితలు టెక్నోని మళ్ళీ నల్లవాళ్ళది చేద్దాం అంటున్నారు. కొందరికి అది కోపంగా వినిపిస్తుంది, సంగీతానికి రంగేమిటి అంటారు. సంగీతానికి రంగు లేకపోవచ్చు. కానీ ఇంటి అప్పుకి రంగుంది, గోడకి రంగుంది, రేడియో గడికి రంగుంది. పేరు చెప్పి దణ్ణం పెడితే ఆ లెక్క తీరదు. రికార్డు ఎవరిది, భవనం ఎవరిది, ఒప్పందం మీద సంతకం ఎవరిది అన్నది చూడాలి.

ఈసారి ఎక్కడైనా ఆ దరువు వినిపిస్తే ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి. వీలైతే సైబోట్రాన్ 'క్లియర్', డి.జె. రొలాండో 'జాగ్వార్' వినండి. మీకు ఏమనిపించిందో చెప్పండి. ఇంకో కథతో మళ్ళీ కలుద్దాం. సెలవు.