నిద్రపోనివ్వని నీళ్లు: సాసలీటో పడవ పేట కథ

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన రిచర్డ్‌సన్ బే అని ఒక చిన్న అఖాతం ఉంది. అందులో లంగరు వేసుకుని పడవల్లోనే కాపురముంటున్న వాళ్లకు అధికారులు పెట్టిన ఆఖరి గడువు 2026 అక్టోబరు 15. అఖాతాన్ని సంరక్షించే రాష్ట్ర కమిషన్, స్థానిక రిచర్డ్‌సన్ బే ప్రాంతీయ సంస్థ కలిసి 2021లో రాసుకున్న ఒప్పందంలోని తేదీ అది. ఆ తేదీ తర్వాత అనుమతి లేని ఒక్క పడవ కూడా అక్కడి నీటి మీద ఉండకూడదు. నూట పాతికేళ్లకు పైగా నీటి మీద ఇల్లు కట్టుకున్న మనుషుల చరిత్రలో ఇదొక ముఖ్యమైన మలుపు. అందుకే ఆ పేట కథ ఇప్పుడు చెప్పుకోవాలి.

బే ఏరియాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో గోల్డెన్ గేట్ వంతెన చూడని వాళ్లు ఉండరు. ఫ్రీమాంట్ నుంచో శానోజే నుంచో బయల్దేరి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వంతెన దాటించి, అవతలి గట్టున ఫొటోలు తీసి వెనక్కి తీసుకొస్తారు. ఇంకో పది నిమిషాలు ముందుకు పోతే సాసలీటో ఊరు వస్తుంది. ఆ ఊరి ఉత్తరపు కొస దాటగానే వాల్డో పాయింట్ రేవు. అక్కడా, ఆ చుట్టుపక్కల రేవుల్లోనూ కలిపి నాలుగు వందలకు పైగా తేలే ఇళ్లున్నాయి. రెండంతస్తుల మేడలున్నాయి, పాత టగ్ బోట్లున్నాయి, ఊళ్లోని మరో రేవులో అచ్చం తాజ్ మహల్ లాగే గుమ్మటాలతో కట్టిన పడవ ఇల్లు కూడా ఉంది.

ఆ నీళ్ల పాత చరిత్ర మనకు తెలిసినంతవరకు త్వరగానే చెప్పేయొచ్చు. వేల ఏళ్లు అక్కడ కోస్ట్ మివోక్ జనం రెల్లు కట్టలతో చేసిన పడవల మీద తిరిగారు. 1775లో స్పెయిన్ నావికుడు అయాలా సాన్ కార్లోస్ ఓడతో అఖాతంలోకి వచ్చాడు. 1838లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం రిచర్డ్‌సన్‌కు మెక్సికో ప్రభుత్వం ఆ తీరమంతా భూమి రాసిచ్చింది. అఖాతానికి పేరు అతనిదే.

నీటి మీద కాపురాలు మొదలైంది 19వ శతాబ్దం ఆఖరి దశాబ్దాల్లో. శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిగిన కుటుంబాలు వేసవి విడిదికి ‘ఆర్క్’లు అనే చదునైన అడుగున్న పడవ ఇళ్లు కట్టించుకుని బెల్వెడీర్ దగ్గర లంగరు వేసేవి. పాలు, మాంసం, కూరగాయలు చిన్న పడవల్లో గుమ్మం దగ్గరికే వచ్చేవి. చలికాలం రాగానే ఆర్క్‌లను లోపలి మడుగులోకి చేర్చేవారు. వసంతంలో మడుగు మీది వంతెన పైకి లేపితే మళ్లీ బయటికి వచ్చేవి. ఆ వంతెన లేపే రోజు పండగలా జరిగేది, దాని పేరుతోనే నేటికీ అఖాతంలో పడవల సీజన్ ప్రారంభోత్సవం చేసుకుంటున్నారు. 1906 భూకంపంలో నగరం తగలబడిపోయినప్పుడు ఇల్లు పోయిన కొన్ని కుటుంబాలు ఆర్క్‌లలోకి వచ్చి, ఇక అక్కడే ఉండిపోయాయి. విలాసం అవసరంగా మారడం ఈ కథలో అదే మొదటిసారి.

1937లో గోల్డెన్ గేట్ వంతెన తెరిచారు. అప్పటిదాకా జనాన్ని అటూ ఇటూ చేరవేసిన ఫెర్రీలకు పని పోయింది. 1942లో సాసలీటో తీరాన మారిన్‌షిప్ అనే ఓడల కార్ఖానా రాత్రికి రాత్రి లేచింది. యుద్ధం ముగిసేలోపు అక్కడ కట్టిన ఓడలు 93. ఉచ్చస్థితిలో దాదాపు 20,000 మంది పనిచేశారు. వాళ్లలో దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన నల్లజాతి కార్మికులు వేలల్లో ఉన్నారు. 1945లో యుద్ధం ఆగింది, కార్ఖానా మూతపడింది. బురదలో మిగిలినవి తుక్కు పడవలు, లైఫ్‌బోట్లు, రేవు దుంగలు, ఇనుము. ఆ తీరంలో చాలా భాగం డాన్‌లన్ ఆర్క్స్ అనే పడవల వ్యాపారి చేతికొచ్చింది. నామమాత్రపు అద్దెకు ఎవరొచ్చినా ఉండనిచ్చాడు. చేతిలో డబ్బు లేని చిత్రకారులు, వడ్రంగులు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఆ తుక్కుతోనే ఇళ్లు కట్టుకున్నారు. కార్ఖానా గేట్ల నంబర్లే వాడల పేర్లయ్యాయి: గేట్ ఫైవ్, గేట్ సిక్స్.

అక్కడి పెద్ద ఇళ్లలో ఒకటి ‘వలేహో’ అనే పాత ఫెర్రీ. 1879లో పోర్ట్‌లాండ్‌లో కట్టినది. 1949లో చిత్రకారులు జాన్ వార్దా, గార్డన్ ఆన్‌స్లో ఫోర్డ్ దాన్ని తుక్కు కాకుండా కాపాడి కాపురానికి తెచ్చుకున్నారు. 1961లో ఆన్‌స్లో ఫోర్డ్ వాటాలోకి అలెన్ వాట్స్ వచ్చాడు. జెన్ గురించీ వేదాంతం గురించీ అమెరికా వాళ్లకు మాటల్లో, రాతల్లో చెప్పిన వాట్స్ ఆయనే. 1967 వేసవిలో గాయకుడు ఓటిస్ రెడింగ్ వాల్డో పాయింట్‌లో ఒక పడవ ఇంట్లో ఉండి ‘సిట్టిన్ ఆన్ ద డాక్ ఆఫ్ ద బే’ పాట మొదలుపెట్టాడు. ఆ డిసెంబరులోనే విమాన ప్రమాదంలో పోయాడు. పాట మరుసటి ఏడు విడుదలై అమెరికాలో అగ్రస్థానానికి చేరింది.

పేరు పెరిగే కొద్దీ జనం పెరిగారు, సమస్య కూడా పెరిగింది. మరుగుదొడ్లన్నీ నేరుగా అఖాతంలోకే. కరెంటు తీగలు ఒక పడవ నుంచి ఇంకో పడవకు లాక్కునేవారు. నడిచే దారి అంటే బురద మీద పరిచిన చెక్క పలకలు. మురుగు గొట్టాలు, కట్టడ నిబంధనలు, అనుమతులు లేకుండా కుదరదని మారిన్ కౌంటీ పట్టుబట్టింది. 1970లలో షెరిఫ్ మనుషులు పడవలను లాక్కుపోవడానికి వస్తే పేట వాళ్లు తెడ్లు పట్టుకుని, చిన్న పడవలను అడ్డం పెట్టి నిలబడ్డారు. ‘హౌస్‌బోట్ యుద్ధాలు’ అని పేరు పడ్డ ఆ గొడవల్ని అక్కడి వాళ్లే ‘ద లాస్ట్ ఫ్రీ రైడ్’ అనే సినిమాగా తీసి పెట్టుకున్నారు. చివరకు చాలామంది వరసగా కట్టిన కొత్త డాక్‌ల మీదికి వచ్చారు. రానివాళ్లు గేట్స్ సహకార సంఘంగా ఏర్పడి పాతచోటే ఉండిపోయారు. డాక్‌ల వాళ్లకూ గేట్స్ వాళ్లకూ మనసులు అంతంతమాత్రం.

ఈ పేట చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఈ ఎడబాటు తర్వాత వచ్చింది. అందులో తెడ్లు లేవు, షెరిఫ్ లేడు. ఒక మోత ఉంది.

1980ల మధ్యలో వేసవి వచ్చిందంటే చీకటి పడగానే పడవల కింద నుంచి ఒక మోత మొదలయ్యేది. తంబూరా ఒకే తీగను ఆపకుండా మీటుతున్నట్టు, ఎత్తూ పల్లం లేని ఒకే శ్రుతి. ఒక పడవలో ఆగితే పక్క పడవలో వినిపించేది. కొన్ని రాత్రుల్లో తెల్లారేదాకా సాగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. అక్కడి కొత్తరకం ఇళ్లకు అడుగున బోలుగా ఉండే కాంక్రీటు తొట్టి ఉంటుంది. పడక గదులు చాలావరకు ఆ తొట్టిలోనే, నీటి మట్టానికి కిందే. పడుకున్న మనిషి తలకూ అఖాతానికీ మధ్య అడ్డం ఒక్క గోడే. ఆ బోలు గోడలు మోతను రెట్టింపు చేసేవి. దిండు చెవుల మీద కప్పుకున్నా లాభం లేదు, మంచమే అదిరేది.

నిద్ర చెడిన జనం ఊరుకోరు కదా. మురుగునీటి పంపులే కారణమని కొందరన్నారు. అఖాతం అడుగున వేసిన కరెంటు కేబుళ్లని ఇంకొందరు. సైన్యం ఏదో రహస్య ప్రయోగం చేస్తోందని మరికొందరు. శబ్ద నిపుణులను రప్పించారు, నీళ్లలోకి మైకులు దించారు. నా ఉద్దేశంలో ఇక్కడే ఈ కథకు విలువ. ఎవరి డాక్ చట్టబద్ధం, ఎవరిది కాదు అనే తేడా ఆ మోతకు లేదు. కాంక్రీటు తొట్టిలో పడుకున్న న్యాయవాదికీ, యుద్ధకాలపు లైఫ్‌బోటులో పడుకున్న చిత్రకారుడికీ ఒకే రాత్రి ఒకే నిద్ర చెడింది. నీటి మీద ఇరుగు పొరుగంటే గోడ అవతలి వాళ్లు మాత్రమే కారు. నీరు ఎంతవరకు పరుచుకుని ఉంటే అంతవరకూ పొరుగే.

జవాబు గోల్డెన్ గేట్ పార్కులోని స్టైన్‌హార్ట్ అక్వేరియం నుంచి వచ్చింది. దాని డైరెక్టర్ జాన్ మెకాస్కర్ దోషి పేరు చెప్పాడు: ప్లెయిన్‌ఫిన్ మిడ్‌షిప్‌మన్ అనే చేప. జానెడు పొడవు, లావు తల, పొలుసుల్లేని ఒళ్లు, కప్ప మొహం. కడుపు వెంబడి వెలుగులు చిమ్మే చుక్కలు వరసగా, నౌకాదళపు కుర్రాళ్ల కోటు గుండీల్లా ఉంటాయి. అందుకే ఆ పేరు. ఏడాదిలో ఎక్కువ భాగం లోతు నీళ్లలో ఉండే ఈ చేప వసంతం చివర ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్లలోకి వస్తుంది. మగచేప రాతి కింద గూడు తవ్వుకుని, తన గాలితిత్తి చుట్టూ ఉన్న కండరాలను సెకనుకు దాదాపు వందసార్లు బిగించి వదులుతుంది. ఆ కదలికే మోత. ఆడచేపకు అది పిలుపు. పిలుపు నచ్చిన ఆడచేప వచ్చి రాతి కప్పుకు గుడ్లు అంటించి లోతుకు వెళ్లిపోతుంది. మగచేప మాత్రం పిల్లలు ఈదుకుపోయేదాకా ఆ రాతి కిందే కాపలా ఉంటుంది. పోటు తీసి గూడు బయటపడినా కదలదు. గుడ్లు పెట్టే కాలంలో ఆడచేప చెవి ఆ మోతలోని పై శ్రుతులకు మరింత పదునెక్కుతుందని 2004లో పరిశోధకులు తేల్చారు కూడా.

పిల్లల్ని సాకే తండ్రి చేప కట్టిన పాట అది అని తెలిశాక పేట వాళ్ల కోపం ఎటు పోయిందో పోయింది. సాసలీటోలో ఆ చేప పేరుతో పండగే చేశారు. చేప వేషాలు వేసుకుని, కజూ బూరలు ఊదుకుంటూ వీధుల్లో ఊరేగారు. పంపుల్లో, రహస్య ప్రయోగాల్లో దోషిని వెతికిన జనం చివరికి చేపకు చోటిచ్చారు. వేసవిలో ఆ మోత ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ డాక్‌ల మీద కొత్తగా అద్దెకు దిగిన వాళ్లకు పక్కింటివాళ్లు చెప్పాల్సిన సంగతుల్లో ఇదొకటి.

ఆ డాక్‌ల మీద నడిస్తే కలిసి బతకడం ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది. రెండు పక్కలా పూలకుండీలు, డాక్ మొదట్లో పోస్టు డబ్బాల వరస, పక్కనే ఉమ్మడి తోపుడు బండ్లు. కారు దిగిన వాళ్లు సరుకులు, గ్యాస్ సిలిండరు, నిద్రపోతున్న పిల్లాడు, ఏదున్నా ఆ బండిలోనే ఇంటిదాకా తోసుకుపోవాలి. ప్రతి ఇంటికీ డాక్ అడుగు నుంచి సాగే గొట్టాలుంటాయి: నీళ్లది, మురుగుది, కరెంటుది. ఆటుపోట్లతో ఇల్లు ఆరడుగులు లేచి దిగుతుంటే అవీ వెంట లేచి దిగాలి. ఒకరి మురుగు పంపు ఆగితే ముందు వాసన వచ్చేది పొరుగింటికే. గాలివాన వస్తే కట్టుతాళ్లు చూసుకోవడానికి అందరూ ఒకేసారి డాక్ మీదికి వస్తారు.

ఆ తర్వాతి కాలం కథ చిక్కుపడిపోయింది. ఒకప్పుడు తుక్కుతో కట్టిన ఇళ్ల పక్కన ఇప్పుడు లక్షల డాలర్ల తేలే మేడలు వచ్చాయి. ఇల్లు సొంతమైనా అది తేలే చోటుకు అద్దె కట్టాలి, అద్దె పెరుగుతోంది. సముద్ర మట్టం పెరిగి భారీ పోట్లప్పుడు దగ్గర్లోని రోడ్లు, పార్కింగులు మునుగుతున్నాయి. ఇల్లు తేలుతుంది, దారి మునుగుతుంది. గేట్స్ వాళ్లు దశాబ్దాల చర్చల తర్వాత సరైన గొట్టాలు, కరెంటు ఉన్న కొత్త డాక్ మీదికి వచ్చారు. తక్కువ ఆదాయం వాళ్లు అదే పేటలో ఉండగలిగిన ఏర్పాటు అది.

మిగిలింది డాక్ లేని వాళ్లు, అఖాతం నడుమ లంగరు మీద బతికే వాళ్లు. పదేళ్ల కిందట వాళ్ల పడవలు రెండు వందలకు పైబడి ఉండేవి. వాటి లంగరు గొలుసులు అడుగున గుండ్రంగా తిరిగి ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డిని గీకేస్తున్నాయి. హెర్రింగ్ చేపలు గుడ్లు పెట్టేది ఆ గడ్డి మీదే. ఈ నష్టం నిజం, దాన్ని కాదనలేం. కొందరికి అద్దె ఇళ్లకు ప్రభుత్వ సాయం దొరికింది, కొందరి పడవలను డబ్బిచ్చి కొని తుక్కు చేశారు. అయితే ఒడ్డు మీది అద్దె గది అందరికీ ఇల్లు కాదు. ముప్పై ఏళ్లు నీటి మీద ఉన్న ముసలి మనిషికి అసలే కాదు.

గడ్డినీ బతికించాలి, మనుషుల్నీ బతకనివ్వాలి. రెండూ కుదురుతాయని గేట్స్ డాక్ రుజువు చేసింది. లంగరు తీసేయమనే అధికారులు లంగరు వేసుకోవడానికి ఒక డాక్ కూడా చూపించాలి. ఆ అఖాతంలో ఇంకా మిగిలిన ఆ కొద్దిమందికీ గేట్స్ వాళ్లకు ఇచ్చినట్టే రేవులో చోటు ఇవ్వడమే న్యాయం.