లంబసింగి త్రోవ

నర్సీపట్నం నుండి ఘాటు ఎక్కి లంబసింగి మంచును చూడబోవువారు నేడు అనేకులు. ఆ త్రోవ ఎవరి చెమటతో పడెనో ఒక్క క్షణము ఆలోచింతము.

1920 ప్రాంతమున బాస్టియను అను నతడు గూడెము డిప్యూటీ తహసీలుదారు. ఈ కొండలలో రోడ్డు వేయించు పని అతని చేతిలో నుండెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముచేత పోడు సాగక ఆకలిగొన్న కొండవారిని అతడు బలవంతముగా ఆ పనికి దింపెను. కూలి నామమాత్రము, ఎదిరించినవారికి దెబ్బలు.

మొర యెవరితో చెప్పుకొందురు? 1839 శాసనము మొదలు ఏజెన్సీకి సాధారణ కోర్టులు దూరము. రెవెన్యూ అధికారులే మేజిస్ట్రేటులు. కూలి తగ్గించినవాని కచేరీయే ఫిర్యాదు వినవలసిన కచేరీ!

తిరుగుబాటునకు కారణములు పెక్కు, ఇది యొకటి. బాస్టియనుతో వైరము పడిన గాము గంటందొర అల్లూరి సీతారామరాజు పక్షము చేరెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై వారు దాడి చేసిరి. 1924 మే 7న రాజు కాల్చి చంపబడెను.

2022లో ఈ ప్రాంతపు జిల్లాకు అల్లూరి పేరు పెట్టిరి. బాస్టియను పేరు ఆ కూలివారి కష్టముతోనే నిలిచెను.

చదువరీ, మన పొలమున ఒక్క కూలివాడున్నను మనమును చిన్న అధికారులమే. ప్రొద్దు గ్రుంకకముందే వాని కూలి వాని చేతిలో పెట్టుదము. మనమీద వాడు మొర పెట్టుకొనిన, ఆ తీర్పు మనమే చెప్పక, వేరొక పెద్దకు విడిచిపెట్టుదము.