చెవులు హోరెత్తితే మందు పట్టినట్టేనా?

మా నాన్న నర్సీపట్నంలో కాంపౌండరు. మిక్స్చర్ సీసాకి అతికించే కాగితం పట్టీని కత్తెరతో మెట్లుమెట్లుగా కత్తిరించేవాడు. మెట్టుకో మోతాదు. మన్యం నుంచి చలిజ్వరంతో దిగినవాళ్ళకి ఆ సీసాలో వెళ్ళేది కొయినా మందే. క్వినైన్ పొడి ఉత్త నీళ్ళలో సరిగా కరగదు. పలచటి గంధకామ్లం నాలుగు చుక్కలు పడితేగాని తేటపడదు. తాగితే ఆ చేదు సాయంత్రం దాకా నాలికని వదలదు. మూడోనాడు రోగి మళ్ళీ వస్తే నాన్న ముందు జ్వరం సంగతి అడిగేవాడు కాదు. "చెవులు గుయ్యిమంటున్నాయా?" అనేవాడు. అవునంటే, "అయితే మందు పట్టింది" అని తలూపేవాడు.

ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు. క్వినైన్ ఎక్కువైతే చెవుల్లో హోరు, తలనొప్పి, వికారం, వినికిడి మందగించడం వస్తాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. దానికి సింకోనిజం అని పేరు కూడా పెట్టారు. ఆండీస్ కొండల్లోని సింకోనా బెరడు 17వ శతాబ్దంలో ఐరోపా చేరింది. 1820లో పారిస్‌లో పెల్తియే, కవంతూ అనే ఇద్దరు అందులోంచి క్వినైన్‌ను వేరు చేశారు. 1860ల నాటికి ఆ చెట్లు మన నీలగిరుల్లో, ఊటీ దగ్గర వేళ్ళూనుకున్నాయి. తర్వాత పోస్టాఫీసుల్లో కూడా క్వినైన్ పొట్లాలు అమ్మారు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అప్పటికే లోకం రెండు వందల ఏళ్ళకు పైగా ఆ చేదు మింగుతోంది. రోగం ఎలా వస్తుందో తెలియకముందే మందు తెలిసింది. ఒంట్లోకి మందు ఎంత ఎక్కిందో చెప్పే పరీక్ష మాత్రం లేదు. అందుకని చెవినే కొలపాత్ర చేసుకున్నారు.

కీళ్ళవాతానికీ ఇదే కొలత. స్కాట్లండ్ వైద్యుడు థామస్ మెక్‌లాగన్ విల్లో చెట్టు నుంచి తీసిన సాలిసిన్‌ను ముందు తాను మింగి చూసి, ఆ తర్వాతే రోగులకిచ్చాడు. ఆ సంగతి 1876లో లాన్సెట్ పత్రికలో రాశాడు. అదే కోవకు చెందిన ఆస్పిరిన్ 1899లో బజారుకొచ్చింది. కీళ్ళనొప్పుల డాక్టర్లు చాలాకాలం ఒక పద్ధతి పాటించారు: చెవులు మోగేదాకా ఆస్పిరిన్ పెంచుకుంటూ పోవాలి, మోగాక కాస్త తగ్గించి అక్కడ నిలపాలి.

ఆ పద్ధతి అన్నాళ్ళు చెల్లడానికి కారణం ఉంది. ఆస్పిరిన్ హోరు సాధారణంగా పోయే హోరు. లోపలి చెవిలో శబ్దాన్ని పెంచి అందించే వెంట్రుక కణాలుంటాయి. ఆస్పిరిన్ వాటిని చంపదు, వాటి కదలికను కొంతసేపు కట్టేస్తుంది. మందు ఒంట్లోంచి దిగిపోతే అవి మళ్ళీ పనిలో పడతాయి. క్వినైన్ హోరు కూడా చాలామందికి అలాగే సద్దుమణుగుతుంది. నేనే సాక్షిని. 1986లో పాడేరులో ఫార్మసిస్టుగా ఉండగా నాకు ఫాల్సిపారం మలేరియా వచ్చింది. ఏడు రోజుల క్వినైన్. నాలుగోనాటికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడుకున్నట్టు రెండు చెవుల్లోనూ ఒకటే మూలుగు. ఆఖరి మాత్ర వేసుకున్న మూడోనాటి పొద్దున్న వాకిట్లో పిచ్చుకలు స్పష్టంగా వినిపించాయి. మూలుగు లేదు.

మా మేనత్త కథ వేరు. 1967లో ఆవిడకి క్షయ. స్ట్రెప్టోమైసిన్ అప్పటికి పాతికేళ్ళ నాటిది కూడా కాదు. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టాడు. ఒంటిని తూలకుండా నిలిపే చెవిలోని తూకాన్ని అది చెడగొడుతుందని మొదటి రోగుల్లోనే బయటపడింది. 1948లో వెలువడిన బ్రిటిష్ పరీక్షలో ఆ మందు తీసుకున్నవాళ్ళలో సగానికి మించి తల తిరుగుతోందన్నారు. అయినా ప్రాణం నిలిపే మందు అది, వద్దనేదెవరు?

నాన్నే రోజూ గాజు సిరంజి మరగబెట్టి, సీసాలోని పొడిని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి అత్తకి పొడిచేవాడు. ఒకనాడు అత్త, "ఒరే తమ్ముడూ, చెవిలో కీచురాళ్ళు అరుస్తున్నాయిరా" అంది. నాన్న నవ్వి, "మందు పట్టిందక్కా" అన్నాడు. నెల తిరక్కుండా చీకట్లో పెరట్లోకి వెళ్తూ అత్త తూలి నూతి గట్టు మీద పడింది. అప్పుడుగాని సూది ఆపలేదు. క్షయ మిగతా మందులతో తగ్గింది. కీచురాళ్ళు ఆగలేదు.

స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్, జెంటామైసిన్ వంశమంతా ఆ వెంట్రుక కణాల్లోకి చొరబడి వాటిని చంపగలదు. మందు ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా నష్టం పెరగవచ్చు. కోడిపిల్లల చెవిలో చచ్చిన కణాల స్థానంలో కొత్తవి మొలుస్తాయని 1988లో తేలింది. మనిషి వినికిడి కణాలకు ఆ యోగం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మొండి క్షయ చికిత్స నుంచి కానామైసిన్, కాప్రియోమైసిన్ సూదులను తప్పించడానికి చెవులూ ఒక కారణం.

అయితే కీచురాళ్ళు ఆగకపోయినా అత్త మారింది. మొదటి ఏడాది పక్కలో రేడియో మోగుతుంటేగాని నిద్రపోలేదు. పదేళ్ళ తర్వాత "ఇంకా అరుస్తున్నాయా అత్తా?" అని అడిగితే, చేతిలో పని ఆపి, చెవొగ్గి, "ఆఁ, ఉన్నాయిరా" అనేది. అంటే నేనడిగేదాకా ఆవిడకి అవి గుర్తులేవు. ముప్పులేని శబ్దాన్ని మెదడు క్రమంగా పక్కన పెట్టగలదని జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త 1990లో రాశాడు. మా ఇంట్లో అది అంతకుముందే జరిగింది.

మందుల షాపు నడిపే రోజుల్లో నన్ను చాలామంది అడిగారు, ఈ హోరు పోతుందా అని. ఏ మందు వల్ల అన్నది తేలందే ఎవరూ జవాబు చెప్పలేరు. మాత్ర మీకు మీరే ఆపెయ్యకండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి అనేవాణ్ణి.

అత్త పడిన తర్వాత నాన్న ఆ పాత మాట మళ్ళీ అనలేదు. స్ట్రెప్టోమైసిన్ వేయించుకునే ప్రతివాణ్ణీ ముందు వరండాలో కళ్ళు మూసుకుని పది అడుగులు నడవమనేవాడు. తర్వాత తన చేతి గడియారం విప్పి వాడి చెవికి ఆనించి, "టిక్కుటిక్కు వినబడుతోందా?" అనేవాడు. అవునన్నాకే సూది తీసేవాడు.