ట్రంక్ కాల్ నుంచి సెల్ ఫోను దాకా - మా వీధి కథ

ప్రత్యేక సంచికకు నగర జీవితంలో వచ్చిన మార్పుల గురించి రాయమని మన సంపాదకవర్గం వారు కోరారు. నగరమంతటి గురించి రాసే పరిజ్ఞానం నాకు లేదు. టెలిఫోను శాఖలో ముప్పై తొమ్మిదేళ్లు పనిచేసినవాణ్ణి గనుక హైదరాబాదు నల్లకుంటలో, మా ఒక్క వీధిలో, నేను చూసింది చెబుతాను.

1971లో ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. పై ఊరికి మాట్లాడాలంటే కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చోవాలి. తొందరైతే అర్జెంటుకు రెట్టింపు, లైట్నింగుకు ఎనిమిది రెట్లు చార్జీ. 1976లో కాకినాడలో మా నాన్నగారు పోయినప్పుడు అన్నయ్య బుక్ చేసిన కాల్ నాకు అందేసరికి రాత్రి రైలు వెళ్లిపోయింది. రోజూ పదిమందిని కలిపే బోర్డు ముందు కూర్చున్నవాణ్ణే కడచూపుకు నోచుకోలేదు. అందుచేత పాత రోజులన్నీ బంగారమని నేను అనను.

అప్పట్లో ఇంటికి ఫోను కావాలంటే ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. ఉద్యోగం పుణ్యమా అని మా ఇంట్లో ఉండేది. చుట్టుపక్కల వాళ్ల విజిటింగ్ కార్డుల మీద, శుభలేఖల మీద మా నంబరే "పి.పి." అని అచ్చయ్యేది. అర్ధరాత్రి ఫోను మోగితే మా ఆవిడ టార్చిలైటు పట్టుకుని వెళ్లి తలుపు తట్టేది. ఎవరింటి కబురైనా ముందు మా వరండాకే చేరేది.

1984లో సి-డాట్ ఏర్పడింది. దేశంలో తయారైన ఎక్స్ఛేంజీలు పెరిగాక వీధివీధినా ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. పోలియోతో కాలు చచ్చుబడిన కుర్రవాడొకడు మా వీధి మొగలో బూతు పెట్టాడు. పావు రేటు కోసం రాత్రి పొద్దుపోయాక అక్కడ క్యూ ఉండేది. ఆ సంపాదనతోనే చెల్లెలి పెళ్లి చేశాడు.

ఈలోగా ఇళ్లు మారాయి. 1987లో అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. పెంకుటిళ్ల స్థలాలు ఒక్కొక్కటే బిల్డర్ల చేతికి వెళ్లాయి. 1998లో మేమూ ఇచ్చాం. వరండా పోయి పది ఫ్లాట్లు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వీధిలోని పిల్లలు అటువైపు కాపురాలు మార్చారు, కొందరు అమెరికా వెళ్లారు.

1995లో సెల్ ఫోన్లు మొదలైనప్పుడు వచ్చే కాల్‌కూ డబ్బు కట్టాల్సిందే. 1999 నాటి టెలికాం విధానంతో రేట్లు దిగివచ్చాయి. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. దాంతో బూతు పని అయిపోయింది. కుర్రవాడు రీచార్జి కార్డులు, జిరాక్సుతో కొన్నాళ్లు నెట్టుకొచ్చి 2009లో షట్టరు దించేశాడు. అతనికి అన్నం పెట్టిందీ మా శాఖ పనే, తీసేసిందీ ఆ పనే అని నాకు బాధ. 2013 జూలైలో టెలిగ్రామూ ఆగిపోయింది.

ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది. రెండేళ్ల కిందట ఓ రాత్రి మా పై ఫ్లాట్‌లో ఫోను ఆగకుండా మోగింది. అక్కడ ఒంటరిగా ఉండే పెన్షనరు గారికి అమెరికా నుంచి అబ్బాయి చేస్తున్నాడులే అనుకుని పడుకున్నాం. ఆయన బాత్రూములో జారిపడి రాత్రంతా లేవలేక ఉన్నారని పొద్దున పనిమనిషి వస్తేగాని తెలియలేదు. దేవుడి దయవల్ల బతికారు. ఒకప్పుడు ఫోను మోగితే నాలుగిళ్ల అవతలికి పరుగెత్తిన మేము, ఆ రాత్రి ఒక్క అంతస్తు మెట్లెక్కలేదు.

2014 నవంబరు నుంచి లైఫ్ సర్టిఫికెట్ డిజిటల్ అయింది. 2021లో ముఖం చూపితే చాలనే సదుపాయం వచ్చింది. వేలిముద్రలు అరిగిన నాబోటివాళ్లకు అదెంతో మేలు. కాని నవంబరులో బ్యాంకు బెంచీల మీద ఒకరినొకరం చూసుకునే అవకాశం పోయింది.

అందుకే మా భవనంలో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఉదయం ఏడింటికి ఒకరికొకరం ఫోను చేసుకుంటాం. రెండుసార్లు మోగినా తీయకపోతే వెళ్లి తలుపు తడతాం. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఉంచుతాం. ఖర్చులేని పని. మన సభ్యులందరూ ఎక్కడివారక్కడ ఇలా చేసుకోవాలని నా మనవి.