ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంతంలో స్వాతంత్ర్యదినోత్సవం: మారని తేదీ, మారిన ఎల్లలు

వ్యాససంగ్రహం:
స్వాతంత్ర్యదినోత్సవం దేశమంతటికీ ఒకటే అయినా, అందులో పాల్గొన్నవారి ప్రాంతాల పరిపాలనా చరిత్ర ఒకటి కాదు. నేడు కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివి. ఈ ప్రాంతపు ఉత్సవచరిత్రను రాయాలంటే నేటి జిల్లా ఎల్లలను దాటి వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, బళ్లారి, తుంగభద్ర, స్వాతంత్ర్యదినోత్సవం, స్థానికచరిత్ర.

1. జనవరి 26 నాటి ప్రతిజ్ఞ

స్వాతంత్ర్యదినమనే భావన ఆగస్టు 15తో పుట్టలేదు. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు పూర్ణస్వరాజ్య తీర్మానం చేసింది. 1930 జనవరి 26ను స్వాతంత్ర్యదినంగా పాటించాలని కాంగ్రెసు పిలుపునిచ్చింది. పతాకం ఎగరవేయడం, ప్రతిజ్ఞ చదవడం ఆనాటి కార్యక్రమం. అది సర్కారు సెలవిచ్చిన పండుగ కాదు. అందులో పాల్గొనడమంటే సర్కారును ఎదిరించడమే.

ఆ కాలంలో ఆదోనికి రెండు పటాలున్నాయి. ప్రభుత్వ పటంలో అది మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాకు చెందిన తాలూకా. కాంగ్రెసు పటం వేరు. 1920 నాగపూరు సమావేశం తర్వాత కాంగ్రెసు భాషల ప్రాతిపదికన రాష్ట్రసంఘాలను ఏర్పరచుకొన్నది. బళ్లారి విషయంలో ఆంధ్ర, కర్ణాటక సంఘాల మధ్య వచ్చిన తగవుపై 1921లో ఎన్.సి. కేల్కర్ తీర్పు చెప్పాడు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి కర్ణాటకకు దక్కాయి. కాబట్టి ఇక్కడి రైతు శిస్తు బళ్లారి లెక్కలోకి, కాంగ్రెసు సభ్యత్వం ఆంధ్ర సంఘం లెక్కలోకి వెళ్లేవి.

2. 1947 ఆగస్టు 15: నదికి ఇరువైపులా

ఆదోని తాలూకాకు ఉత్తరపు ఎల్ల తుంగభద్ర. మంత్రాలయం ఉన్న గట్టు మద్రాసు రాష్ట్రానిది. ఆవలి గట్టు నిజాం ఏలుబడిలోని రాయచూరు జిల్లా. ఆదోని మీదుగా వెళ్లే రైలు వంతెన దాటితే హైదరాబాదు సంస్థానంలో ఉన్నట్లే.

1947 ఆగస్టు 15న ఈ గట్టున పతాకావిష్కరణ అధికారిక వేడుక. ఆ గట్టున అదే పతాకం ఎగరవేయడం నేరం. సంస్థానం స్వతంత్రంగా ఉండాలన్నది నిజాం సంకల్పం. దానికి వ్యతిరేకంగా హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఆగస్టు 7న భారతదేశంలో విలీనం కోసం ఉద్యమం ప్రారంభించింది. ఆగస్టు 15ననే దాని నాయకుడు స్వామి రామానందతీర్థ అరెస్టయ్యాడు. ఆవలి గట్టు భారతదేశంలో కలవడానికి 1948 సెప్టెంబరు 17 వరకు పట్టింది. జనవరి 26న ఒకనాడు ఈ గట్టువారు చూపిన తెగువ, ఆగస్టు 15న ఆ గట్టువారికి అవసరమైంది.

3. 1953: జిల్లా మారిన ఏడు

ఆంధ్రరాష్ట్ర నిర్మాణానికి ముందు బళ్లారి తగవు మళ్లీ తలెత్తింది. 1953లో వాంఛూ నివేదిక, బళ్లారి తాలూకాపై ఎల్.ఎస్. మిశ్రా నివేదిక వచ్చాయి. చివరకు 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రరాష్ట్రంలో చేరాయి. తక్కిన బళ్లారి జిల్లా మైసూరులో కలిసింది. మూడు దశాబ్దాల కిందటి కేల్కర్ గీత చాలావరకు రాష్ట్ర సరిహద్దయింది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురం జిల్లాకు వచ్చాయి. 1953 ఆగస్టు 15న బళ్లారి జిల్లావారుగా పతాకవందనం చేసిన ఆదోనివారు, మరుసటి ఏడు అదే పతాకానికి రాజధాని జిల్లావారుగా వందనం చేశారు.

ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘం ఇందుకు మంచి నిదర్శనం. మాచాని సోమప్ప 1938లో దాన్ని స్థాపించినప్పుడు ఊరు బళ్లారి జిల్లాలో ఉంది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చేనాటికి అదే ఊరు కర్నూలు జిల్లాలో ఉంది. ఊరు కదలలేదు, మగ్గాలు కదలలేదు, కదిలింది ఎల్ల.

ముగింపు

కర్నూలు జిల్లా స్వాతంత్ర్యోద్యమ చరిత్రను 1947 నాటి కర్నూలు జిల్లాకే పరిమితం చేస్తే ఆదోని, ఎమ్మిగనూరు అందులోకి రావు. బళ్లారి చరిత్రను నేటి కర్ణాటకకు పరిమితం చేస్తే అందులోనూ ఉండవు. రెండు చరిత్రల నడుమ ఈ ప్రాంతం జారిపోయే ప్రమాదముంది. అందువల్ల పరిశోధకులు 1953కు ముందరి బళ్లారి జిల్లా దస్త్రాలను చూడాలి. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు భాషల్లోనూ మౌఖిక సాక్ష్యాలను సేకరించాలి. ఆనాడు మొదటి పతాకవందనంలో నిలబడిన బడిపిల్లలు నేడు తొంభైకి చేరువలో ఉన్నారు. దస్త్రాలు కొంతకాలం ఆగుతాయి. వారి జ్ఞాపకాలు ఆగవు.