ఇచ్చేటప్పుడేనా తూకం?

చట్టానికి కులం లేదు, మతం లేదు అంటారు. కాగితం మీద లేని మాట నిజమే. అది ఎవరి గడప తొక్కుతుందో, ఎవరి వాకిలి దాటి పోతుందో మాత్రం చట్టం పుస్తకంలో కనపడదు. జైలు రిజిస్టర్లో కనపడుతుంది. పశువుల సంతలో కనపడుతుంది.

అమెరికాలో 1986లో మత్తుమందుల చట్టం ఒకటి వచ్చింది. కొకైన్ పొడి 500 గ్రాములు అమ్ముతూ దొరికినవాడికీ, క్రాక్ అనే కొకైన్ గడ్డ 5 గ్రాములతో దొరికినవాడికీ ఒకటే శిక్ష: కనీసం 5 ఏళ్లు. ఆ చట్టంలో 'నల్లవాడు' అన్న మాటే లేదు. క్రాక్ కేసుల్లో జైలుకెళ్లింది మాత్రం ఎక్కువగా నల్లవాళ్లే. నూటికి ఒకటిగా ఉన్న ఆ తేడాను 18కి ఒకటిగా తగ్గించడానికి 2010 దాకా పట్టింది. అప్పటికి ఒక తరం జైళ్లలో గడిచిపోయింది.

చట్టం వచ్చాక ఏడవడం కన్నా రాకముందే లెక్క అడగాలన్న ఆలోచన అయోవా రాష్ట్రంలో మొలిచింది. అప్పట్లో అక్కడ నల్లవాళ్లు జనాభాలో సుమారు 2 శాతం, జైళ్లలో సుమారు 24 శాతం ఉండేవాళ్లు. వేన్ ఫోర్డ్ అనే నల్లజాతి శాసనసభ్యుడు పట్టుబట్టాడు. 2008 ఏప్రిల్లో గవర్నర్ చెట్ కల్వర్ సంతకం పెట్టాడు. నేరాల మీద, శిక్షల మీద బిల్లు వస్తే అది మైనారిటీల మీద ఎంత బరువు మోపుతుందో ముందే లెక్కగట్టి సభలో పెట్టాలి. అదే ఏడు కనెక్టికట్, 2013లో ఆరెగాన్, 2018లో న్యూజెర్సీ ఇదే దారి పట్టాయి. ఆ కాగితం బిల్లును ఆపలేదు. చదివి కూడా ఓటెయ్యొచ్చు. 'మాకు తెలీదు' అనే సాకు మాత్రం ఇక చెల్లదు.

మన శాసనసభల్లో బిల్లుతో పాటు ఉద్దేశాలూ కారణాల ప్రకటన ఉంటుంది. ఖజానా నుంచి ఖర్చుంటే ఆర్థిక మెమొరాండం ఉంటుంది. రూపాయి బరువుకి కాగితం ఉంది. మనిషి మీద పడే బరువుకి లేదు.

అలాగని మన రాజ్యానికి తూకం తెలియదనుకోకండి. ముస్లిములకి ఏదైనా ఇచ్చేటప్పుడు తరాజు తప్పకుండా బయటికొస్తుంది. 2004 జూలైలో ఆంధ్రప్రదేశ్ సర్కారు 5 శాతం రిజర్వేషన్ల జీవో ఇచ్చింది. సెప్టెంబర్లో హైకోర్టు కొట్టేసింది, బీసీ కమిషన్‌ను అడగలేదని. కమిషన్ వేశారు, నివేదిక వచ్చింది, 2005లో చట్టం చేశారు. నవంబర్ 7న అదీ పోయింది. 2007లో మాజీ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదికతో 4 శాతం చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. సర్వే శాస్త్రీయంగా లేదన్నది అందులో ఒక కారణం. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 తెగలకు ఆ చట్టం ఊపిరి పోసుకుంది.

ఆ తూకాన్ని నేను తప్పు పట్టను. అది మనకి మన మొహం చూపించింది. ఇస్లాంలో కులం లేదని వేదికల మీద చెప్పుకునే మనం ఏనాడూ నోరారా పలకని పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి: అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, ఫకీర్లు, ఖురేషీ కసాబులు. హబ్షీలనే సిద్దీలూ ఉన్నారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వదళానిదే. సయ్యద్, పఠాన్, మొగల్ లను ఆ చట్టం పక్కన పెట్టింది. న్యాయమే. లెక్క తీస్తే ఎవరు పైన ఉన్నారో, ఎవరు కిందున్నారో మనలోనూ తేలింది.

ఇక తీసుకునేటప్పటి సంగతి చూడండి. అదే జాబితాలోని ఖురేషీలే సాక్ష్యం. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం వచ్చింది. ఎద్దును కొయ్యాలన్నా అది ఇక పనికిరాదని సర్టిఫికెట్ కావాలి. కసాబుల ఇళ్లెన్ని, తోలు పని మీద బతికే మాదిగలెందరు, ముసలెద్దును అమ్మి కోడెను కొనుక్కునే రైతులెందరు అని ముందుగా లెక్కగట్టి సభ ముందు పెట్టాలన్న నియమం ఏదీ లేదు.

ఆ లెక్క ఎప్పుడైనా తీశారంటే కోర్టులోనే, అదీ కసాబులు తలుపు కొట్టాకే. బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ ఖురేషీలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆవును కొయ్యకూడదన్న నిషేధాన్ని 1958లో కోర్టు నిలబెట్టింది. పనికిరాని ఎద్దుల్నీ దున్నల్నీ కొయ్యొద్దనడం చెల్లదంది. పశువుల సంఖ్య, మేత, కసాబుల రోజీ అన్నీ ఆ తీర్పులో చర్చకొచ్చాయి. 2005 అక్టోబర్ 26న గుజరాత్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. ఎంత ముసలెద్దునైనా కొయ్యకూడదన్న చట్టం చెల్లుతుందంది. ఓడినవాళ్లు మిర్జాపూర్ మోతీ కురేషీ కసాబ్ జమాత్. సరిగ్గా పన్నెండు రోజులకి హైదరాబాదులో మన రిజర్వేషన్ చట్టం కొట్టేశారు. అక్కడ కసాబు పని పోయింది. ఇక్కడ కసాబు కొడుక్కి సీటు పోయింది.

ఇవి రెండు వేర్వేరు చట్టాలు, వేర్వేరు కోర్టులు. ముస్లిం గడప మీద నిలబడి చూస్తే మాత్రం ఒకటే తీరు. సీటు అడిగితే 'మీ వెనకబాటు రుజువు చేయండి' అంటారు. రోజీ లాక్కునేటప్పుడు ఎవరూ ఏదీ రుజువు చెయ్యక్కర్లేదు.

సెక్యులర్ మిత్రులారా, మేం అడిగేది దయ కాదు, బిల్లుతో పాటు ఒక కాగితం. ఈ చట్టం వస్తే ముస్లిముల మీద, దళితుల మీద, ఆదివాసుల మీద, సంచార జాతుల మీద ఎంత బరువు పడుతుందో రాసిన కాగితం. అది ఎమ్మెల్యేల చేతుల్లోకి ఓటు కన్నా ముందు రావాలి. చదివాక కూడా చెయ్యెత్తేవాళ్లు ఎత్తుతారు. ఎవరెత్తారో మనకి తెలుస్తుంది. తరాజు మీ దగ్గరే ఉంచుకోండి. తీసుకునేటప్పుడు కూడా దాన్ని బయటికి తియ్యండి.